పచ్చది ఒత్తిన చెయ్యి

పోయిన వారం మనం జమునను చెన్నూరు బస్సుల కూసోబెట్టి విడిచిపెట్టినం. పక్క సీట్ల ఆమె అత్త కిష్టవ్వను సుత కూసోబెట్టినం. ముచ్చట మరిచినోళ్లకు జెర యాది చేస్త. ఎర్రవాయి ఊళ్లె పిల్లలు సెల్లులు పట్టుకొని ఖరాబైతున్నరని ఒక సెల్లు కమిటీ పడ్డది. కమిటీ రెండు కట్టుబాట్లు పెట్టింది. పిల్లల చేతికి పోయే ప్రతి ఫోన్ల 'పిల్లల తాళం' అనే యాప్ ఉండాలె, పెద్దోళ్లు ఊ అననిది అండ్ల ఏదీ తెరుచుకోవద్దు. ఇగ బడి నడిచినంత సేపు ఆ ఫోన్లన్నీ పంచాయతి ఆఫీసుల ఇనుప పెట్టెల ఉండాలె, మాపటీలి హోంవర్కుకు రెండు గంటలు ఇస్తరు. కట్టుబాటు మంచిదే. వద్దన్నోడు ఎవడు లేడు. మరి బేస్తారం మాపటీలి ఎనిమిదో తరగతి ప్రవళిక పెట్టెలకెల్లి తన ఫోను తీసుకొని నలుగురి ముంగట తెరిచేసరికి, అండ్ల మనిషి జల్మ ఎత్తినోళ్లు చూడరాని బొమ్మలు ఆడుకుంట కనబడ్డయి.

ఆ ప్రవళిక తల్లే మన జమున. కమిటీ పెద్ద ప్రేమ్‌సాగర్‌రావు శనివారం అయిదు గంటలకు మీటింగన్నడు. పిల్ల పేరు మీద తీర్మానం రాస్తమన్నడు. మస్కట్‌ల మేస్త్రి పని చేసే తండ్రి సంపత్ ఫోన్ల ఇంకో మాటన్నడు. "తప్పు పిల్లదే అని తేలిందనుకో, బడి బందు. కాగజ్‌నగర్ల అక్క ఇంటికి తోలేస్త, అక్కడ ఇంటి పని నేర్చుకుంటది."

ఇయ్యాల శనివారం. పదకొండు దాటింది. బస్సు చెన్నూరుల ఆగింది.

"దిగు అత్తా, జల్ది," అన్నది జమున.

"దిగుతున్న గదనే! నా మోకాళ్లకు మోటర్ పెట్టిన్రా?" అనుకుంట కిష్టవ్వ కడ్డీ పట్టుకొని ఒక్కో మెట్టు దిగింది. దిగి, కొంగుతోటి మొఖం తుడుచుకొని, కోడలి దిక్కు చూసింది. "గా గోపాల్‌గాన్ని పట్టుకొని ఏం అడుగుతవే నువ్వు?"

"వాడే చేసిండు అత్తా. నాకు ఎరుకే."

"నిన్న నేనే చేసిన్నంటివి గదా!"

అబద్ధం కాదు మరి. జమునకు అనుమానం అనేది పుట్టుమచ్చ లెక్క పుట్టంగనే వచ్చింది. పాలు పలచగ ఉంటే బర్రెనుసుత అనుమానిస్తది. బేస్తారం రాత్రి బిడ్డను అనుమానించి చెంప మీద ఒక్కటి ఇచ్చింది. పిల్ల ఏడువలే. "నేను కాదవ్వా" అని ఒక్క మాటన్నది, అంతే, అప్పటిసంది గోడ దిక్కు మొఖం పెట్టుకొని పండుకున్నది. తిండి లేదు, మాట లేదు. సుక్కురారం పొద్దుగాల జమున అత్తను అనుమానించింది. "నాకు నా ఫోన్ల పాటే పెట్టుకోరాదు, దాని ఫోన్ల నేనేం పెడ్తనే" అని ముసలామె గట్టిగనే అరిసింది. ఇగ మిగిలింది ఎవడు? మూడు వారాల కింద ఒక ఐతారం నాడు కమిటీ పిలిస్తె ఊరికి వచ్చి, పిల్లల ఫోన్లన్నిటికి తాళం యాప్ పెట్టిపోయిన గోపాల్. బిడ్డ ఫోను అర్ధగంట సేపు వాని చేతుల ఉన్నది. వాడు కాకపోతే ఇంకెవడు?

గోపాల్ మొబైల్స్ బస్టాండు ఎదురుంగనే ఉన్నది. నస్పూరుకెల్లి వచ్చిన బొగ్గుబాయి కార్మికుడు ఒకాయన ఫోనుకు అద్దం అతికిచ్చుకుంటున్నడు. గోపాల్ ముప్పై ఏండ్లోడు, పలచటి మనిషి, మర్యాదస్తుడు. వీళ్లను చూసి లేసి నిలబడ్డడు.

"రా అక్కా. రా అవ్వా, కూసోండ్రి. నీళ్లు తాగుతరా?"

"నీ నీళ్లు నాకొద్దు. నా బిడ్డ ఫోన్ల ఏం పెట్టినవ్?"

అద్దం అతికిచ్చుకునే ఆయన జమున గొంతు విని, "మల్ల వస్త తమ్మీ" అని ఫోను జేబుల ఏసుకొని జారుకున్నడు. సగం అతికిన అద్దం గట్లనే పోయింది.

"నేనేం పెడ్త అక్కా? తాళం పెట్టిన," అన్నడు గోపాల్.

"తాళం పెట్టినోని దగ్గరనే గదా చెవి ఉండేది!"

"చెవి నా దగ్గరెందుకు ఉంటదక్కా?" అన్నడు గాని, అనుకుంట అనుకుంట చూపు పక్కకు తిప్పిండు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వట్టిగనే షర్టు జేబు తడుముకున్నడు. జమున చూసింది. అగో, దొరికిండు అనుకున్నది. లోపట ఒక తీరుగ సంతోషమైంది కూడ. తప్పు బయటోనిదైతే బిడ్డ బతుకుతది గదా.

"ఓరి గోపాలూ," అన్నది కిష్టవ్వ, స్టూలు మీద కూసొని. "మీ అవ్వ, నేను ఒక్క మడిల నాట్లు ఏసినోళ్లం. నీ కండ్లు చూస్తె నాకు తెలుస్తది. నిజం చెప్పు, బిడ్డా. పిల్ల బడి పోతది."

గోపాల్ చేతుల ఉన్న గుడ్డ కౌంటర్ మీద పెట్టిండు. "అవ్వా, నా పిల్లల మీద ఒట్టు. గసోంటి పని నేను చెయ్య. పిల్ల ఫోను తెచ్చిన్రా?"

"దాన్ని కమిటీ పెట్టెల పెట్టి తాళమేసిన్రు. సాక్ష్యమంట," అన్నది జమున.

"అయితే నీ ఫోను ఇయ్యక్కా."

"నా ఫోనెందుకు?"

"పిల్ల ఫోన్ల ఏది తెరవాలన్నా మొదలు తల్లి ఫోనుకు అడుగుతది. తల్లి ఊ అంటెనే తెరుచుకుంటది. ఎవలు ఊ అన్నరు, ఏ దినం, ఎన్ని గంటలకు, అంతా తల్లి ఫోన్ల రాసుంటది."

జమునకు ఫోను ఇయ్యబుద్ధి కాలే. వీడు చేతుల పట్టుకొని ఏదన్న తుడిచేస్తె? కౌంటర్ మీద పెట్టింది, ఒక అంచు తను పట్టుకునే ఉన్నది. "నా కండ్ల ముంగటనే చూడు. చేతులకు తీసుకోకు."

గోపాల్ ఒంగి, వేలితోటి జరిపి, పసుపు రంగు తాళం బొమ్మ ఉన్న గుర్తు మీద ఒత్తిండు. ఆ బొమ్మను జమున రోజూ చూస్తనే ఉన్నది. ఫోన్ల కంపెనోళ్లు పెట్టి పంపిన గుర్తులు ఎన్ని లేవు, అదీ అండ్ల ఒకటి అనుకున్నది. లోపట ఇంగ్లిష్ అక్షరాలు వరుసగ వచ్చినయి. గోపాల్ కిందికి జరిపిండు. ఇంక కిందికి జరిపిండు. వాని మొఖం రంగు మారింది.

"అక్కా... జెర కూసో."

"నిలబడే ఉంట. చెప్పు."

"బేస్తారం పగటీలి పదకొండు నలభైకి ప్రవళిక ఫోనుకెల్లి అడిగినట్టున్నది. పెద్దోళ్లు చూసే వీడియోల యాప్ అది. ఊ అన్నరు."

"ఎవలన్నరు?"

"గీ ఫోనే అన్నది."

"ఏ ఫోను?"

"గిదే అక్కా. నీదే."

జమున గబుక్కున అత్త దిక్కు తిరిగింది. కిష్టవ్వ రెండు చేతులు లేపింది. "అగో! మల్ల నా దిక్కే చూస్తవేందే! నాకు కండ్లద్దాలు లేంది పచ్చదేదో ఎర్రదేదో తెల్వది!"

"పచ్చది?" అన్నది జమున. ఆ మాట ఎక్కడో తాకింది ఆమెకు.

"అవునక్కా," అన్నడు గోపాల్. "అడిగినప్పుడు గిట్ల మోగుతది." వాడు తన ఫోనుకెల్లి ఏదో చేసిండు. జమున ఫోను మోగింది. రెండుసార్లు గణగణ అన్నది, కింద రెండు గుండ్రటి గుర్తులు వచ్చినయి. ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది.

జమున కౌంటర్ పట్టుకున్నది.

ఆ గంట ఆమెకు మంచిగ ఎరుకే. మూడు వారాలసంది వింటున్నది. పొద్దుగాల పది దాటినంక ఆమె అరుగు మీద కూసుంటది. ఒళ్లె చాట, చాటల కత్తిరించిన తునికాకు, పక్కకు తంబాకు. వేళ్లు బీడీలు చుట్టుకుంట పోతుంటయి, మాపటికి కార్ఖానాకు కట్టలు అప్పజెప్పాలె. ఫోను ఎదురుంగ చెంబుకు ఆనిచ్చి పెట్టుకుంటది. సంపత్‌కు అక్కడ చాయ్ టైముల ఒక్క పది నిమిషాలు విరామం ఉంటది, గప్పుడు చేస్తడు. ఫోను గణగణ అంటది. తంబాకు వేళ్లతోటి ముట్టుకుంటె ఖరాబైతదని ఆమె చిటికెన వేలి కణుపుతోటి పచ్చది ఒత్తుతది. పచ్చది అంటె ఎత్తుడు, ఎర్రది అంటె పెట్టుడు. గల్ఫ్‌ల మనుషులున్న ఏ ఇంట్ల ఆడదాన్ని అడిగినా గంతే చెప్తది, అంతకన్న ఎక్కువ ఎవలూ నేర్పలే. ఒత్తంగనే ఫోను మూగవోయేది. "నెట్‌వర్క్ లేదు పాపం, ఎండల ఏడ నిలబడి చేస్తుండో" అని ఆమె మల్ల బీడీ చుట్టుడుల పడేది.

రెండుసార్లు అడిగింది కూడ. "పగటీలి చేసినవు గదా, కట్టయింది" అంటె, "నేను చెయ్యలేదే" అన్నడు సంపత్. గప్పుడు ఆమె ఏమనుకున్నదో తెలుసా? పక్కన ఎవలో ఉన్నరు, అబద్ధమాడుతుండు అనుకున్నది. ఆ రాత్రంత మొగని మీద అనుమానంతోటి నిద్రపోలే. మొగడు నిజం చెప్పిండు. బిడ్డ నిజం చెప్పింది. అత్త నిజం చెప్పింది. ఊళ్లె అందరినీ అనుమానించిన మనిషి తన చిటికెన వేలిని ఒక్కదాన్ని అనుమానించలే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఉత్తగనే అన్నరా!

ఆమె తన కుడి చెయ్యి చూసుకున్నది. వేళ్ల సందుల తంబాకు రంగు ఉన్నది. పచ్చది ఒత్తిన చెయ్యి గిదే. బిడ్డ చెంప మీద పడ్డ చెయ్యి గిదే.

"ఎన్నిసార్లు?" అన్నది.

గోపాల్ కిందికి జరుపుకుంటనే ఉన్నడు.

"ఎన్నిసార్లురా?"

"నలభై దాటినయి అక్కా. ప్రవళికది ఒక్కసారే. మిగతాయి వేరే పిల్లలయి. కొమురెల్లి బిడ్డ దీపిక ఉన్నది, ఆ పై వాడకట్టు పోరలున్నరు..."

"దీపిక? దీపిక నాలుగో తరగతి! ఊరి పిల్లలంతా నా ఫోన్లెందుకున్నరు?"

ఇగ గోపాల్ దాసిపెట్టిన ముచ్చట బయటికి వచ్చింది. జేబు తడుముకున్నది గిందుకే. వాడు గల్లాపెట్టెల చెయ్యి పెట్టి చూస్కుంట మాట్లాడిండు, తల ఎత్తలే. "ఆ ఐతారం నాడు అరవై రెండు ఫోన్లు లైన్ల పెట్టిన్రక్కా. ఒక్కోదానికి తండ్రి ఫోనుకు గాని తల్లి ఫోనుకు గాని ఓటీపీ రావాలె. తండ్రులు మస్కట్‌ల, దుబాయ్‌ల, దమ్మామ్‌ల. ఓటీపీ ఆడికి పోతది, ఆళ్లు డ్యూటీల ఉంటరు. తల్లులు కొందరు ఫోను ఇంట్ల మరిచి వచ్చిన్రు, కొందరి దాంట్ల బ్యాలెన్స్ లేదు. కమిటీ సార్లేమో పొద్దుగూకే వరకు అయిపోవాలన్నరు. లైన్ల మొట్టమొదటి ఫోను మీ ప్రవళికది. నీ నంబరు మంచిగ పడ్డది. తర్వాత..."

"తర్వాత?"

"అన్నిటికి గదే కొట్టిన."

"అంటె?"

"అంటె గా యాప్‌కు తెలిసినంత వరకు, ఎర్రవాయి అరవై రెండు మంది పిల్లలకు తల్లివి నువ్వే అక్కా."

"ఓ దేవుడా!" అన్నది కిష్టవ్వ. "ఒక్కదాన్ని కని సాకుడుకే గిది సగమైంది, అరవై రెండు మందిని నెత్తి మీద పెట్టినవారా!"

నవ్వు రావాల్సిన మాటే, ఎవలకూ రాలే. జమునకు ఊరు కండ్ల ముంగట కనబడ్డది. మీటింగుల ముందటి కుర్చీలల్ల కూసునే కమిటోళ్లు, పంచాయతి ఆఫీసు ముంగట పరిచిన జంపఖానా మీద కూసున్న తల్లులు కనబడ్డరు. రోజూ నీళ్లకాడ, కార్ఖానాకాడ కలిసేటోళ్లు. ఆమె లేసి "నేనే ఒత్తిన" అంటె ఆళ్లేమంటరు? తెల్వక ఒత్తిందంట పాపం అని ఒక్కరు అంటరు. మిగిలినోళ్లు కొప్పు పట్టుకుంటరు.

గోపాల్‌కు సుత గదే బుగులున్నది. ఊరు ముందుగాల వచ్చేది ఆ దుకాణం మీదికే. వాడు గొంతు తగ్గించిండు. "అక్కా, ఒక మాట చెప్త. కోపం చెయ్యకు. గీ లిస్టు మొత్తం ఒక్క ఒత్తుతోటి పోతది. రేపటికెల్లి ఎవల నంబరు వాళ్లకు నేనే ఇంటింటికి తిరిగి పెడ్త. నీకు, నాకు, అవ్వకు తప్ప ఎవలకూ తెల్వదు."

నేను దాసిపెడ్తలేను, జమునకు ఆశ పుట్టింది. గట్టిగనే పుట్టింది. ఒక్క ఒత్తు. ఇన్ని ఒత్తినంక ఇంకొక్కటి ఎంత?

"మరి నా బిడ్డ?" అన్నది.

"పిల్లల ముచ్చట నాలుగు దినాలే అక్కా. మర్చిపోతరు."

"అది మరుస్తదా?"

గోపాల్ గుడ్డ తీసుకొని కౌంటర్ తుడువబట్టిండు. ముసలామె స్టూలు మీద కూసొని కోడలి మొఖమే చూస్తున్నది.

గోడ దిక్కు తిరిగి పండుకున్న పిల్ల వీపు యాదికొచ్చింది జమునకు. ఆ వీపు మీద బడి డ్రెస్ గట్లనే ఉన్నది, మార్చుకోలే. సోమారం బడికి పోవాలనే ఆశ ఉండే కావచ్చు. ఫోను గుంజుకొని గుండెకాడ పట్టుకున్నది జమున.

"తుడిచినవనుకో, నీ చేతులు ఇరుగుతయి. గీ ఇంగ్లిష్ తీసేసి తెలుగుల చెయ్యొస్తదా గిది?"

"వస్తదక్కా. రెండు నిమిషాల పని."

"మరి గా దినమే ఎందుకు చెయ్యలే?"

"ఎవలూ అడుగలే," అన్నడు గోపాల్. నిజమే, ఎవలూ అడుగలే.

తెలుగుల చేసి ఇచ్చిండు. జమున ఏడో తరగతి దాంక చదివింది. కూడబలుక్కుంటె అన్నీ వస్తయి. స్టూలు పక్కకు నిలబడి ఒక్కో వరుస చదివింది. మొదటి వారం సోమవారం, 10:50. దీపిక ఫోన్. అనుమతి ఇచ్చారు. మంగళవారం, 11:32. బుధవారం, 12:05. అనుమతి ఇచ్చారు, అనుమతి ఇచ్చారు. ఎంత మర్యాదగ రాసిండ్రో! ఆమె చదువుకుంట పోయింది. పోయి పోయి ఒక్కకాడ ఆగింది. మల్ల మీదికి వచ్చింది. మల్ల కిందికి పోయింది.

"గోపాల్, గీ టైములు కరెక్టేనా?"

"నిమిషం తేడా రాదక్కా."

"అన్నీ పొద్దుగాల పదిన్నరకు, పగటీలి ఒంటిగంటకు నడుమనే ఉన్నయి. ఒక్కటన్న మాపటీలిది లేదు. ఐతారం నాటిది ఒక్కటీ లేదు."

"అయితే?"

"గా టైముకు పిల్లలు బడిల ఉంటరు గదరా! ఫోన్లు పెట్టెల ఉంటయి!"

అనుమానపు మనిషి అని ఇంతసేపు నేను జమునను ఎక్కిరించిన గదా, ఇగో, గా అనుమానమే ఇప్పుడు అక్కరకొచ్చింది. కమిటీ పిల్లల ఫోన్లకు వేరే లాకులు ఉండొద్దన్నది. ఎవలైనా తెరిచి తనిఖీ చేసేతట్టు ఉండాలన్నది. గప్పుడు అందరూ చప్పట్లు కొట్టిన్రు, జమున సుత కొట్టింది.

"పెట్టెల పండుకున్న ఫోను తనంతట తాను అడుగుతదా అత్తా?"

"అడుగది," అన్నది కిష్టవ్వ మెల్లగ. "పెట్టె చెవి ఉన్నోడు, తన ఫోన్ల మచ్చ పడకుండ, పిల్లలయి తీసి అడుగుతుండు. కంచే చేను మేస్తున్నదే పిల్లా."

చెవులు కమిటోళ్ల దగ్గరుంటయి. ఎన్ని చెవులు, ఎవలెవలి దగ్గర, జమునకు తెల్వదు. ఊళ్లె తల్లులకు ఎవలకూ తెల్వదు. అడగాలని తోచలే. పెద్దమనుషులు గదా.

"అక్కా, నన్ను కమిటీ ముచ్చట్లకు గుంజకు," అన్నడు గోపాల్. మొఖం సున్నం కొట్టినట్టైంది. "నేను దుకాణపోన్ని."

"నువ్వు సుత రావాలె, అయిదు గంటలకు. నంబరు నువ్వు కొట్టిందని నీ నోటితోటి చెప్పాలె. రాలేదనుకో, మా అత్తను నీ దుకాణం ముంగట కూసోబెడ్త."

"నేను కూసుంట," అన్నది కిష్టవ్వ. "నాకేం పనున్నది."

ఇద్దరు బస్టాండుకు వచ్చిన్రు. ఒంటిగంట కావస్తున్నది. ఊరి బస్సు ఒకటిన్నరకు. సిమెంటు బెంచీ మీద కూసున్నరు. ఎండ చురుక్కుమంటున్నది. జమున ఫోను ఒళ్లె పెట్టుకొని దాని మీద చెయ్యి కప్పింది, ఎవలో గుంజుకపోతరన్నట్టు.

"మీటింగ్‌ల ఏమంటవే?" అడిగింది కిష్టవ్వ.

"ఉన్నదున్నట్టంట."

"నువ్వు ఒత్తినవని సుతనా?"

"గది మొదలు అంట అత్తా. గది అనకపోతే మిగతాది ఎవలు నమ్ముతరు?"

"ఊరు ఊకుంటదా? సంపత్‌గాడు ఊకుంటడా?"

"ఏమన్న అననీ. నా పేరు పోతే పోనీ, నేను ముప్పై ఆరేండ్లదాన్ని. దానికి పదమూడు." జమున బస్సొచ్చే దిక్కు చూసింది. "ఇంటికి పోయి మొదలు దాని కాళ్లు మొక్కుత అత్తా. నమ్మకపోతిని గదా."

"బిడ్డ కాళ్లు తల్లి మొక్కద్దే, దానికి ఆయువు తక్కువైతది. అన్నం కలిపి తినిపియ్యి, సాలు." కిష్టవ్వ కోడలి వీపు మీద చెయ్యి ఏసింది. పెండ్లైన పదిహేనేండ్లల్ల గా చెయ్యి గట్ల పడుడు గిదే మొదలు. "మీటింగ్‌ల నీ పక్కకే కూసుంట. ఎవడన్న కొప్పు మీదికి వస్తె మొదలు నా కొప్పు పట్టుకోవాలె."

గప్పుడు ఫోను మోగింది.

గణగణ. మల్ల గణగణ.

జమున చెయ్యి తీసి చూసింది. ఈసారి అక్షరాలు తెలుగుల ఉన్నయి. ఆమె నోట్లె నోట్లె చదివింది. 'దీపిక ఫోన్ ఒక యాప్ తెరవడానికి అడుగుతోంది. పద్దెనిమిది సంవత్సరాలు దాటినవారికి మాత్రమే. అనుమతించాలా?'

గంట పన్నెండు యాభై అయిదు. నాలుగో తరగతి దీపిక గీ టైముకు బడిల పప్పన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటది. దాని ఫోను పెట్టెల ఉండాలె. పెట్టెకు తాళముండాలె.

జమున కణుపుతోటి కాదు, చూపుడు వేలుతోటి, మంచిగ చూసి, ఎర్రది ఒత్తింది. మూడు వారాల్ల మొదటిసారి కాదన్నది.

"ఏందే?" అన్నది కిష్టవ్వ.

చెప్పేలోపట మల్ల మోగింది. ఈసారి నిజంగనే ఫోను. పేరు పడ్డది, 'కొమురెల్లి దీపిక'. పక్కింటి పిల్ల గదా, ఏనాడో ఎక్కిచ్చి పెట్టుకున్న నంబరు.

జమున ఎత్తి చెవికాడ పెట్టుకున్నది. "దీపికా? బిడ్డా?"

అవతల పిల్ల గొంతు లేదు. ఎవలో ఊపిరి తీసుకుంటున్నరు. వెనుక నుంచి డప్పు సప్పుడు వినబడుతున్నది, ఆ సప్పుడు మీదికెల్లి ఒక అరుపు. "మాపటీలి అయిదు గంటలకు పంచాయతి ఆఫీసుకాడ మీటింగహో! తల్లులందరూ రావాలెనహో!" ఆ అరుపు దీపిక తండ్రి కొమురెల్లిది. ఊరి సాటింపు ఏసేది ఆయనే. తండ్రి బయట డప్పు కొట్టుకుంట పోతుండు, లోపట ఎవడో ఆయన బిడ్డ ఫోను చేతుల పట్టుకొని కూసున్నడు.

"వదినా," అన్నది గొంతు. మగ గొంతు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు, మెల్లగ. ఊళ్లె సగం మంది మగోళ్లు ఆమెను వదినా అనే పిలుస్తరు. "ఎందుకు కాదంటివి? ఏ ఫోన్ల అడిగినా నీ నంబరే పడుతుండె, ఇన్ని దినాలు అన్నిటికి ఊ అన్నవు గదా."

జమున ఫోను చెవికాడనే ఉన్నది, తీయలే.

"బేస్తారం నాడు తొందరల నీ బిడ్డ ఫోను తుడుసుడు మరిచిన. నా తప్పే, ఏమనుకోకు," అన్నడు వాడు, పెండ్లికి రానందుకు మాఫీ అడిగినంత తేలికగ. "గోపాల్ దుకాణానికి పోయినవంట. లిస్టు చూసినవు కావచ్చు. అండ్ల నా పేరు ఎక్కడన్న ఉన్నదా? నీ పేరే ఉన్నది, నలభై కాడ. జెర సోచాయించు. లిస్టు తీసెయ్యి. పోతే పిల్ల బడి పోతది, ఆడపిల్లే గదా, ఎన్నటికైనా పోయేదే. నువ్వు నలుగుట్ల నవ్వులపాలు కాకు."

కిష్టవ్వ కోడలి మోచెయ్యి పట్టుకొని "ఎవలే? ఎవలే?" అంటున్నది. జమున చెయ్యి అడ్డం పెట్టి ఆగుమన్నది. బుగులు లేదా అంటె ఉన్నది. కాని 'ఎన్నటికైనా పోయేదే' అన్న మాటకాడ ఆమె లోపట ఏదో గట్టిపడ్డది. ఇన్ని దినాలు ఎవలిని అనుమానించాలో తెల్వక అందరినీ అనుమానించింది. ఇప్పుడు మనిషి దొరికిండు. మొఖం ఒక్కటే దొరుకలే.

"నువ్వెవలో నాకు తెల్వదు," అన్నది. గొంతు తనదేనా అనిపించింది. "లిస్టు తీస్తలేను. ఎర్రది ఒత్తుడు నేర్చుకున్న. మీటింగుకు మాత్రం రా. మందిల ఎనుక నిలబడకు. ముందట కూసో, నా బిడ్డను తోలుకొస్త, నీ మొఖం చూస్తది."

అవతల డప్పు దూరమైంది. వాడు చిన్నగ నవ్విండు.

"నేనెప్పుడు ముందటి కుర్చీలనే కూసుంట గదా, వదినా," అన్నడు.